రాజేశం సారు విహారయాత్రలు

మొన్న కోరుట్లలో మా ఇంటి బల్లమీద మా అమ్మాయి కవిత ఇండోనేషియా దేశపటాన్ని పరచింది. మడతలు విడిపోతూ కాగితం చేసిన పెళపెళ శబ్దం చెవిన పడగానే, గుడ్డ అంటించిన పాతకాలపు పటమొకటి నా మనసులో విప్పుకున్నది. దానిని విప్పుతున్న చేయి రాజేశం సారుది. నేను తెలుగు పండితుడిగా తొలి కొలువులో చేరిన మల్లాపూర్ పాఠశాలకు ఆయన ప్రధానోపాధ్యాయులు, భూగోళం బోధించేవారు. సన్నని దేహం, మెల్లని మాట, నోట్లో ఎప్పుడూ ఒక వక్కపలుకు.

మేము తలపెట్టిన ఇండోనేషియా ప్రయాణానికి కారణం నా భార్య సుశీల. ఆమె చూపు అంచుల నుండి కుంచించుకుపోతున్నది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదానిని చుక్కల మందుతో కాపాడుకోవలసిందేనని, అది ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేనని జగిత్యాలలోని కంటి వైద్యుడు తేల్చి చెప్పాడు. ఆమె ఇంతవరకు సముద్రమైనా ఎరుగదు. ఆ దేశంలోనేమో అగ్నిపర్వతాలు, మహారణ్యాలు, కడలి తీరాలు, మెట్లుమెట్లుగా దిగే వరిపొలాలు, రామకథను ఆడే నాట్యబృందాలు, కథలు చెక్కిన శిలాస్తూపాలు. కన్ను మిగిలి ఉండగా ఆమె చూడవలసినది వీటిలో ఏది?

“అగ్నిపర్వతం మీదికెక్కి పొద్దుపొడుపు చూడాలె బాపూ. అమ్మ జన్మల మర్చిపోదు,” అన్నది కవిత. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపించే నా బామ్మర్ది ఆ చప్పుడు నడుమనే ఫోన్లో అరిచాడు: “బావా, నూలుకే ముందుగాల రంగులద్ది నేసే బట్ట ఉంటదట ఆడ. అక్కకు గది చూపియ్యకుంటె గంత దూరం పోయి ఏం ఫాయిదా?” నా మనసు శిలాస్తూపాల వైపు లాగింది. ముగ్గురి కోరికలకూ పెన్సిలుతో సున్నాలు చుట్టీ చుట్టీ, చివరకు ఏ దారి ఎటు పోతున్నదో నాకే అంతుపట్టలేదు.

పదవ తరగతి విహారయాత్రకు ముందు రాజేశం సారు ఏటేటా ఉపాధ్యాయులమైన మమ్మల్ని ఇలాగే పటం చుట్టూ కూర్చోబెట్టేవారు. మొదటి ఏడు నేను ఉత్సాహం పట్టలేక నదులను, కోటలను, దేవాలయాలను గుదిగుచ్చి దీర్ఘోపన్యాసమే చేశాను. సారు వక్క నములుతూ విన్నారు.

“మంచిగనే ఉంది పంతులూ. ఎవలెవలు వస్తున్నరు?”

“పదో తరగతి పిల్లలు సార్.”

“గది నాకెరుకే. పేర్లు చెప్పు.”

నాలుగు పేర్లు చెప్పి తడబడ్డాను. “పద్యాలు మస్తు యాదికుంటయ్ గని, పిల్లల పేర్లు యాదికుండయా?” అని ఆయన నవ్వారు. తోటి ఉపాధ్యాయులు ఆ మాట పట్టుకొని చాలాకాలం నన్ను ఆటపట్టించారు.

ఆ ఏడు సారు మమ్మల్ని సముద్రానికి మాత్రమే తీసుకుపోయారు. దారిలో కోట కనిపించినా బస్సు ఆగలేదు. పిల్లలు పొద్దుగూకే వరకు ఇసుకలో కూర్చొని అలలను చూశారు. ఇంత దూరం వచ్చి ఒక్కటే చూడడమేమిటని నేను లోలోపల ఉడికిపోయాను. మరుసటి ఏడు అదే మనిషి బస్సును ఊరూరా పరుగెత్తించారు; ఒక గుడి ఏ ఊరిలోనిదో మరొక గుడికి చేరేసరికి నాకు గుర్తుండేది కాదు.

“పోయినేడు ఒక్కటే చాలన్నరు గద సార్?” అని అడిగాను.

“పోయినేటి పిల్లలు వేరు, వీళ్ళు వేరు.”

“ఎట్ల వేరు?”

“నన్నడిగితె ఎట్ల? వాళ్ళనడుగు పో.”

ఆయన మాట దాటవేస్తున్నారనుకున్నాను. ఆయన యాత్రలన్నింటికీ వర్తించే ఒక సూత్రం కోసం ఏళ్ళ తరబడి వెతికాను. ఒక యాత్రకు సరిపోయినది మరొక యాత్రకు పొసగలేదు.

ఆయన పదవీ విరమణ తర్వాత ఒకసారి మల్యాల బస్టాపులో కనిపించారు. కొండగట్టు నుండి వస్తున్నారు. చేతిరుమాలులో ప్రసాదపు కొబ్బరి. ఒక ముక్క నాకు పెట్టారు. యాత్రలను ఎలా నిర్ణయించేవారని అప్పుడైనా అడగగలిగాను.

“మధ్యాహ్నం అన్నం కాడ పోరగాండ్ల పక్కన కూసునేటోన్ని. నీకేం చూడబుద్దైతుందని అడిగేటోన్ని. ఒక్కొక్కడు ఒక్కోటి చెప్పేటోడు. ఇంటికి పోయి మస్తు పరేషానయ్యేటోన్ని. ‘నీ పటం పాడుగాను, ముందు అన్నం తిను’ అని మా ఆమె తిట్టేది.”

“మరి ఎట్ల ఖాయం చేసేది?”

“భయపడుకుంటనే చేసేటోన్ని. మంచిగ చేసిన్నో లేదో ఇప్పటికీ ఎరుక లేదు పంతులూ.”

అంత నిబ్బరంగా పటం చుట్టిపెట్టే మనిషి ఇంత సందేహాన్ని మోశారా అని నిర్ఘాంతపోయాను. మరేదో అడగబోయేలోపు ఆయన బస్సు వచ్చింది.

ఇదంతా తలచుకున్నాక లేచి వంటింటిలోకి వెళ్ళాను. సుశీల పళ్ళేన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకొని చింతచిగురు ఏరుతున్నది. పక్కన కూర్చొని అడిగాను: “నీకేం చూడబుద్దైతుంది?”

“అబ్బో! ఇప్పుడు యాదికొచ్చిన్నా మీకు?” అని పళ్ళెం దించింది. “అగ్గికొండంటె దూరంగ పొగనే గద. పొలాలు మల్యాల తొవ్వల చూస్తనే ఉన్న. నన్ను ఆడి అంగడికి తోల్కపోండ్రి. కూరగాయలమ్మే ఆడోళ్ళ మొఖాలు దగ్గర నిలవడి చూస్త. బేరం ఎట్ల చేస్తరో చూస్త.”

“విమానమెక్కి అంగడికా?”

“అడిగిండ్రు, చెప్పిన. ఇంకోటి. ఏదన్న కనవడంగనే మీరు అర్థాలు చెప్పుడు మొదలువెట్టకుండ్రి. కండ్లున్నన్ని రోజులు నన్ను చూడనియ్యుండ్రి. తర్వాత చెప్పుడు ఎట్లయిన మీ పనే.”

ఆ మాటలో పరిహాసమెంతో, భయమెంతో తెలుసుకోలేకపోయాను. ఆమె మళ్ళీ చిగురు ఏరుకోసాగింది. చూపు పోయిన రోజున ఆమెకు నేను చెప్పగలిగేది ఈనాడు నా కన్ను పట్టుకున్నంతే కదా అని మాత్రం తోచింది. అంగడి చాలునా? సముద్రం చూపకపోతే రేపు నన్ను నేను క్షమించుకోగలనా? సారు ఎరుగని జవాబు నాకెలా తెలుస్తుంది? ఆయన భయం మాత్రం నాకు చక్కగా అబ్బింది.

సాయంత్రం కవిత మళ్ళీ పటం ముందు కూర్చున్నది.

“మొదటిరోజు ఏం పెడదాం బాపూ?”

“అంగడి.”

“అంగడా! మరి రెండోరోజు?”

“నాకెరుక లేదు బిడ్డా. పోయి అమ్మ పక్కన కూసోని అడుగు.”