రాజవ్వ ఇంటి ముందు మార్చిన ప్లగ్గులు

దయ్యాలు లేవు. ఈ మాట నేను నిజామాబాద్ సభల్లో చెప్పాను, బోధన్ సంతలో బల్లెక్కి చెప్పాను, విభూది పంచే స్వాముల ఎదురుగా కూర్చుని వాళ్ల ముఖం మీదే చెప్పాను. ఈ వ్యాసం పూర్తయ్యాక కూడా అదే చెబుతాను. ఇది చదివి ఎవరైనా తాయెత్తు కట్టించుకుంటే ఆ తెలివితక్కువతనం వారిది, నాది కాదు.

అయినా రాస్తున్నాను. తనకు అనుకూలమైన సాక్ష్యం చూపించి, మింగుడుపడని దాన్ని జేబులో దాచుకునేవాడు వకీలు కావచ్చు గానీ హేతువాది కాడు.

ఎనభైల చివరి మాట. నేను నిజామాబాద్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఒక పాత పెట్రోలు కారు ఉండేది. దాని ఇంజను పని నేనే చేసుకునేవాణ్ణి. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఏ మొహమాటమూ లేదు. మా ఊళ్లో చాలామంది మెకానిక్కులు ప్లగ్గుల గ్యాపును కంటి అంచనాతో సరిపెట్టేవారు. నేను కొలిచి పెట్టేవాణ్ణి.

అప్పట్లో ఎడపల్లి అవతల, కాలువ గట్టు దిగగానే ఉన్న ఒక పల్లెలో రాజవ్వ అనే ఆమె ఉండేది. భర్త లేడు, పిల్లలు లేరు. బీడీలు చుట్టుకుని బతికేది. చెరకు కోతల కాలం వచ్చిందంటే ఆమె ఇంటి ముందు బండ్లు ఆగిపోయేవి. ఒకరి స్కూటరు, ఒకరి మోటారు సైకిలు, చివరికి ఊరి పెద్ద గంగారాం పటేల్ జీపు. జీపు రెండోసారి ఆగేసరికి ఊరు తీర్పు చెప్పేసింది. రాజవ్వ బాణామతి చేస్తోంది. పళ్లు రాలగొడితే మంత్రం నోట పలకదని మా ప్రాంతంలో ఒక రాక్షస నమ్మకం ఉంది. ముందు పళ్లు రాలగొట్టాలని, తరవాత ఊరు వెళ్లగొట్టాలని చావడిలో మాట్లాడుకుంటున్నారట. ఆ ఊరి బడిపంతులు నిజామాబాద్ వచ్చి నాకు ఈ కబురు చెప్పాడు.

నేను వెళ్లి ఒక పూటంతా ఆ కాలువ గట్టు మీద కూర్చున్నాను. దయ్యాన్ని పట్టుకోవడానికి అంతకు మించిన మంత్రం లేదు. కూర్చుని చూడాలి.

చెరకు ట్రాక్టర్లు రాజవ్వ ఇంటి ముందు నుంచి ఒకదాని వెంట ఒకటి పోతూనే ఉన్నాయి. ఒక్కటీ ఆగలేదు. లారీలూ ఆగలేదు. ఆగినవన్నీ పెట్రోలు బండ్లు. పటేల్ జీపూ పెట్రోలుదే. సాయంత్రం చావడిలో పటేల్‌ను అడిగాను.

"పటేలా, బాణామతికి డీజిలంటే భయమా?"

"గదేం మాట సారూ?"

"మరి ట్రాక్టర్లను ఎందుకు ఆపుతలేదు?"

జవాబు ఇంజనులోనే ఉంది. డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు, పెట్రోలు ఇంజనుకు ఉంటుంది. ప్లగ్గు కొనన ఒక పుల్ల, దాని మీదికి వంగిన ఒక కొక్కెం, ఆ రెంటి మధ్య కాస్త ఖాళీ. నిప్పురవ్వ ఆ ఖాళీని దూకితేనే పెట్రోలు అంటుకుంటుంది. అక్కడ మసి పేరుకుంటే రవ్వ పుట్టదు.

ఆ ఊరి బండ్ల ప్లగ్గులకు మసి పట్టకుండా ఎలా ఉంటుంది? పెట్రోలు బంకు దూరమని అందరూ దారిలోని కిరాణా కొట్లో సీసాల్లో దొరికే పెట్రోలు పోయించుకునేవారు. అందులో సగం కిరోసినే. ఆ పెట్రోలుతో గట్టు మీద చెరకు బండ్ల వెనక ఇంజను ఆపకుండా ఈడుస్తూ నిలబడేవారు. మసి దట్టంగా పట్టేది. గట్టు దిగి దారి దొరకగానే ఒక్కసారిగా యాక్సిలరేటర్ పెంచేవారు. ఇంజను దగ్గి చచ్చిపోయేది. చచ్చిపోయే చోట రాజవ్వ గోడ ఉంది. అక్కడ పటేల్ గోడ ఉంటే బాణామతి పటేల్‌దే అయ్యేది.

ఇదంతా చావడిలో అరటిపండు ఒలిచినట్టు చెప్పాను. విన్నారు. నమ్మలేదు.

"మాటలు మస్తు చెప్తున్నవు సారూ" అన్నాడు పటేల్. "నీ బండి తీస్కరా. ఆమె ఇంటి ముంగట ఆగితె, అందరు సూస్తుండంగ నడిపియ్. నడిస్తె మేం నోరు మూస్కుంటం. నడ్వలేదనుకో, ఆమె సంగతి మేం సూస్కుంటం. నడుమ నువ్వు రావద్దు."

ఒప్పుకున్నాను. ఒక మనిషి పళ్లు, ప్రాణం నా కారు ఇంజను మీద పెట్టి ఒప్పుకున్నాను. అంత ధీమా ఉండేది నాకు.

నిజామాబాద్‌లో ప్లగ్గులు కొనడానికి వెళితే దుకాణదారు ఇంజనులోకి బిగించే మర పొడుగ్గా ఉన్నవి అంటగట్టబోయాడు. నా ఇంజనుకు పొట్టి మరవి కావాలి. పొడుగువి బిగిస్తే పిస్టను పైకి వచ్చి కొక్కేన్ని కొడుతుంది. పొట్టి మర వాటిలోనూ వేడి నిలుపుకునే రకం ఎంచుకున్నాను. కొన వేడిగా ఉంటే మసి దానంతటదే కాలిపోతుంది. ప్రతి ప్లగ్గు లోహం మీద ఆకురాయితో ఒక గీత గీసి, పక్కన నా పొడి అక్షరాలు చెక్కాను. తరవాత సభల్లో జనానికి చూపించాలని నా ఆశ.

ఆదివారం పొద్దున అదే కిరాణా కొట్టు పెట్రోలు పోయించుకుని, పాత ప్లగ్గులతోనే అవే చెరకు బండ్ల వెనక ఈడుస్తూ గట్టు దిగాను. నేను చెప్పినట్టే కారు రాజవ్వ గోడ ముందు దగ్గి ఆగిపోయింది. ఊరంతా అక్కడే ఉంది. ఒక ముసలామె నేల మీద ఉమ్మి, రాజవ్వ ఇంటి వైపు మెటికలు విరిచింది.

రాజవ్వ గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తడం లేదు. వేళ్లు మాత్రం ఆగలేదు.

"అక్కా, లోపల కూసోకు. ఇట్లొచ్చి నా పక్కన కూసో" అన్నాను.

"నా నీడ పడితె నీ బండి ఇంక ఖరాబైతదంటరు సారూ."

"పడనియ్. గదే సూద్దాం."

వచ్చి బంపరు పక్కన గోనెపట్టా మీద కూర్చుంది, చాటతో సహా.

వేడి ప్లగ్గులు గుడ్డతో పట్టుకుని విప్పాను. నాలుగూ కాటుక బుడ్లలా ఉన్నాయి. ఒక దాని మసి పటేల్ అరచేతిలో రాశాను. "గిదీ నీ బాణామతి." జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

కొత్తవి తీసి ఒక్కొక్కదాని గ్యాపు సన్నటి ఉక్కు రేకుతో కొలిచాను. రేకు వదులుగా జారకూడదు, ఇరుక్కోకూడదు, కొంచెం పట్టి జారాలి. ఎక్కువైన చోట బయటి కొక్కేన్ని మెల్లగా తట్టి దగ్గరికి తెచ్చాను. తరవాత ప్లగ్గును ఎండకేసి పట్టి చూడమన్నాను. సందులోంచి వెలుగు అందరికీ కనిపించింది. రేకు పటేల్ చేతికే ఇచ్చి, నాలుగు ప్లగ్గులూ ఆయన చేతనే కొలిపించాను.

"సారూ, ఒక్క నిమ్మకాయన్న టైరు కింద తొక్కియ్" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"తే. షర్బతు చేస్కొని తాగుదాం."

బిగించి తాళం తిప్పాను. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. రాజవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని గట్టెక్కాను, దిగాను. ఆమె ఇంటి ముందు ఆపాను, మళ్లీ నడిపాను, మళ్లీ ఆపాను. పటేల్‌ను వెనక సీట్లో ఎక్కించుకుని ఊరు చుట్టి వచ్చాను. దిగేటప్పుడు ఆయన అరచేతి మసి ధోవతికి తుడుచుకుంటూ అందరూ వినేలా అన్నాడు. "ఇగ ఆమె జోలికి ఎవ్వడు పోవద్దు. పోతె నాతోని మాట్లాడాలె."

నేను ఎన్నో సభల్లో గెలిచాను. ఆ రోజు గెలిచినంతగా ఎక్కడా గెలవలేదు. నిజామాబాద్ దాకా పాట పాడుకుంటూ నడిపాను. ఇంజను పట్టులా నడిచింది. కారు షెడ్డులో పెట్టి తాళం వేసుకున్నాను.

మర్నాడు కాలేజీ అయ్యాక ఆ ప్లగ్గులను విప్పి దాచుకుందామని నా పాత మిత్రుడు, మెకానిక్ ఖాదర్ భాయ్ షెడ్డుకు తీసుకుపోయాను. మా ఇంటి నుంచి అక్కడికి కూడా కారు నడుపుకునే వెళ్లాను. ఇది ముఖ్యం.

మొదటి ప్లగ్గు విప్పిన ఖాదర్ నా వైపు చూశాడు. "సార్, గ్యాపేది?"

కొక్కెం వచ్చి పుల్లకు ఆనుకుని ఉంది. ఉక్కు రేకు కాదు, వెంట్రుక కూడా దూరదు. నాలుగూ అంతే. నాలుగింటి మీదా నా గీత, నా అక్షరాలు ఉన్నాయి. పుల్ల చుట్టూ ఉండే పింగాణీ డబ్బాలోంచి ఇప్పుడే తీసినట్టు తెల్లగా ఉంది. ఒక్కసారి మండినా దాని రంగు మారుతుంది. ఇవి బోధన్ రోడ్డంతా మండి వచ్చినవి.

పిస్టను కొట్టిందా? కొక్కెం మీద దెబ్బ గుర్తు లేదు, మర పొట్టిదే. ఎవరైనా మార్చారా? తాళం చెవి నా జేబులోనే ఉంది, అక్షరాలు నా చేతివే. దారిలో మూసుకుపోయాయా? అయితే కారు దారిలోనే ఆగాలి. మళ్లీ అవే బిగించి తాళం తిప్పాం. ఇంజను తిరిగింది గానీ అందుకోలేదు. ప్లగ్గును తీగకు తగిలించి చూశాం. రవ్వ రాలేదు. గ్యాపు లేనిదే రవ్వ ఎలా వస్తుంది? మామూలు గ్యాపు పెట్టిన వేరే ప్లగ్గులు బిగిస్తే వెంటనే నడిచింది.

ఖాదర్ నాలుగు ప్లగ్గులనూ గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు. తరవాత అన్నాడు. "సార్, గీ మాట బైట పెట్టకు. ఆమెనే బండి నడిపిచ్చింది అంటరు. మల్ల ఆమె మీదికే పోతరు."

నిజమే. అందుకే ఆమె బతికి ఉన్నంతకాలం ఏ సభలోనూ ఈ మాట ఎత్తలేదు. ఆమె ఆ ఇంట్లోనే, అదే జనం మధ్య, నోట్లో పళ్లన్నీ ఉండగానే ముసలిదై కన్నుమూసింది. అది నా జీవితంలో నేను తలెత్తుకుని చెప్పుకునే పని. నిన్న కూడా చెప్పుకున్నాను, రేపు కూడా చెప్పుకుంటాను.

కానీ ఆ వారంలోనే ఒకసారి ఆమె దగ్గరికి వెళ్లాను. ఆమె గురించిన సంగతి ఆమెకు తెలియకుండా దాచడం నాకు నచ్చలేదు. ప్లగ్గులు ఆమె చాటలో పెట్టి, వీటితో బండి నడవడానికి వీల్లేదక్కా, అయినా నడిచింది అని విడమరిచి చెప్పాను. చెబుతూ చెబుతూ ఆమె ముఖంలోకి ఏదో వెతుకుతున్నట్టు చూశానేమో. ఆమె కనిపెట్టింది.

"అయ్యో సారూ" అని నవ్వింది. "బండి ఆగితె నేనే చేసిన్నన్నరు ఊరోళ్లు. గిప్పుడు నడిస్తె గూడ నేనే చేసిన్నంటవా? పొయి ఇంకెవలన్న దొర్కుతరేమో సూడు."

ప్లగ్గులు నా చేతిలో పెట్టి, బీడీకి తునికాకు అందుకుంది.

ఆ కారు ఎలా నడిచిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆమె నడపలేదని మాత్రం తెలుసు.