నెమలికంఠం చీర పట్టుకుని కెమెరా కొనడానికి

మేం సాంచాలనే మరమగ్గాలు ఆగిపోయిన ఆ కరోనా ఏడాది మా ఇల్లు నడిచింది నా భార్య అమ్మిన చీరల మీదే. సూరత్‌లో, వడోద్‌లోని మా ఒంటిగదిలో చీర పరిచి నేను ఫోటో తీసేవాణ్ణి. ఆమె దాన్ని సిరిసిల్ల బంధువుల గ్రూపులో పెట్టేది. మా ఫోను ప్రతి రంగుకూ పౌడరు పూసేది కాబట్టి పాత వెండిరంగు కెమెరానే వాడేవాళ్లం. దాని రెప్ప సగమే తెరుచుకునేది, మిగతా సగం గోటితో నెట్టాలి.

జరీ మెరవాలని నేను ఫ్లాష్ వేసేవాణ్ణి. రంగు పాడవుతోందని ఆమె అన్నా వినలేదు. ఫ్లాష్ లేకపోతే ఆ కెమెరాకు మా గదిలో అంతా మసకే, అది నాకొక సాకు. పని లేక ఇంట్లో కూర్చున్నవాణ్ణి. పెత్తనం చేయడానికి నాకు మిగిలింది ఆ ఒక్క మీటే.

నెమలికంఠం చీరతో నా తెలివి బయటపడింది. పడుగు నీలం, పేక పచ్చ. కదిలిస్తే ఒకదానిలోంచి ఒకటి తొంగిచూస్తాయి. అలాంటి బట్ట ఏళ్ల తరబడి నేసినవాణ్ణి, ఫోటోలో మాత్రం దాన్ని ఉత్త నీలం చేశాను. ఆమె పెద్దమ్మ కూతురు, నాకు వదిన, ఆ చీర తెప్పించుకుని ఫోన్ చేసింది.

“ఏందే చెల్లె, నీ చీరకు ఫోటోల ఒక మొఖం, ఇంట్ల ఒక మొఖమా? నీలమని తెప్పిచ్చుకుంటే పచ్చగ కొడ్తుంది!”

చీర తిరిగొచ్చింది. గ్రూపులో అడిగేవాళ్లు తగ్గారు. ఇంకొకటి అలా వస్తే ఇక ఎవరూ కొనరు.

“కెమెరా మార్చాలె” అంది ఆమె. ఫ్లాష్ మాట ఎత్తలేదు. ఆ మంచితనం నాకు అప్పుడు అర్థం కాలేదు.

స్టేషన్ దగ్గరి దుకాణానికి ఆమె తిరిగొచ్చిన చీరను చంకలో పెట్టుకుని వచ్చింది. గుమ్మానికి అడ్డంగా కట్టిన తాడు దాటి లోపలికి వెళ్లాం. చీర చూసి దుకాణదారు మాస్కు లోపలే నవ్వాడు.

“బెన్, ఇక్కడ చీరలు కొనరు.”

“అమ్మనీకి రాలే భాయ్, చూపెట్టనీకి వచ్చిన” అని హిందీలో జవాబిచ్చి చీరను గల్లాపెట్టె మీద పరిచింది.

నేను అప్పటికే పొడుగు లెన్సున్న పెద్ద కెమెరాను మెడలో వేసుకుని అద్దాల బీరువాలో చూసుకుంటున్నాను.

“మెడల మంచిగనే ఉందయ్యా, పెండ్లిండ్లకు పిలుస్తరు. జర నా చీర ఏ రంగున్నదో చూడు.”

అలవాటుగా ఫ్లాష్ వేసి దాంతో ఒక ఫోటో తీసి చూశాను. నీలమే.

దుకాణదారు మా పాతదానికన్నా కొంచెం పెద్దదొకటి తీశాడు. ముందు తెల్లటిదేదైనా చూపిస్తే, ఆ వెలుతురులో తెలుపంటే ఇదీ అని దానికి తెలుస్తుందట. ఆమె నా జేబులోంచి ఉతికిన తెల్ల మాస్కు లాగింది. లైనింగు గుడ్డతో తనే కుట్టింది. మాస్కును చీర మీద పెట్టి, చీరతో సహా గుమ్మం దగ్గరికి నడిచింది. దుకాణదారు కెమెరా పట్టుకుని వెనకే వెళ్లాడు. నీడలో ఒకటి, ఎండ అంచున ఒకటి, లోపల ట్యూబులైటు కింద ఒకటి. ఎక్కడ తీసినా నీలంలోంచి పచ్చ తొంగిచూసింది.

“ఇదే” అంది. నేను పెద్దదాన్ని మెడలోంచి తీసి ఇచ్చేశాను.

ఇంటికొచ్చాక ఫోటోలు తనే తీసింది. మాస్కు పెట్టి, తీసి, మీట నొక్కేది. చీర పట్టుకోవడం నా పని. అదే నెమలికంఠాన్ని మళ్లీ గ్రూపులో పెడితే, తీసుకున్నది వదినే! చీర అందగానే ఫోన్ చేసింది.

“గిప్పుడు ఫోటోల ఎట్లుందో గట్లనే ఉందే. కెమెరా ఎవరు తెచ్చిండ్రు?”

“మీ మరిదే చూసి తెచ్చిండక్కా” అంది నా భార్య, నా వైపు చూడకుండా.

ఫోను అందుకున్నాను. “నేను గాదు వదినా. మీ చెల్లె తెచ్చింది. నీకు నీలం చూపెట్టింది నేను.”

అవతల వదిన నవ్వు. ఇవతల నా భార్య తర్వాత ఫోటో తీయాల్సిన చీర కొస నా చేతికిచ్చి, “నేలకు తగులుతుంది, జర పైకి పట్టు” అంది.