అడ్డాకు పొట్లంలో చామంతులు

ఉద్యోగాలు అయిపోయి, మోకాళ్ల నొప్పులూ మనవల కబుర్లూ తప్ప మరొకటి లేని మా పాత నర్సుల వాట్సాప్ గ్రూపులో మొన్న ఎవరో ఒక మెసేజి పెట్టారు. అరవై దాటాక కొత్తగా స్నేహం కలుపుకునే మగవాళ్లు ఆడవాళ్లకి పువ్వులు ఇవ్వడం బాగుంటుందా, ఎబ్బెట్టుగా ఉంటుందా అన్నది ప్రశ్న. ఇక చూడండి, నవ్వు బొమ్మలే నవ్వు బొమ్మలు. ముందు పళ్లు కట్టించుకుని రమ్మనమని ఒకావిడ, పువ్వుల బదులు షుగరు మాత్రలు తెమ్మనమని ఇంకొకావిడ. నేను ఏదో రాయబోయి, రాసింది చెరిపేసి, ఫోను పక్కన పడేశాను. అక్కడ రాయలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. నా ఈడు వాళ్లు నన్ను తప్పు పట్టినా కాస్త మెత్తగా పడతారన్న నమ్మకం ఒకటి ఉంది.

మా ఆయన లారీల మెకానిక్కు. ఆయన పోయాక, నేను రిటైరయ్యాక, నర్సీపట్నంలో మా ఇంటి వరండాలోనే ఓ కుర్చీ, ఓ బల్ల వేసుకుని వీధిలో వాళ్లకి బీపీ చూడటం, డాక్టర్లు రాసిన ఇంజక్షన్లు చెయ్యడం మొదలుపెట్టాను. ఒక్కతే కూతురు, పెళ్లయి పాయకరావుపేటలో ఉంటోంది. ఆదివారం గుడికి, అదే మా చర్చికి, ఇక్కడికే వచ్చి నాతో భోంచేసి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేది. మిగతా వారమంతా ఇంట్లో నా గొంతు నాకే వినపడేది కాదు.

బీపీ చూపించుకోవడానికి వచ్చేవాళ్లలో మా అమ్మాయి స్నేహితురాలి నాన్నగారు ఒకరు. ఆయనకి దగ్గరి పల్లెలో చెరకూ, జీడిమామిడీ, ఓ చెక్కలో చామంతులూ ఉండేవి. ఆయన భార్య మంచాన పడి ఉన్నప్పుడు పుళ్లు కడగడానికి నేనే వెళ్లేదాన్ని కాబట్టి ఆ కుటుంబం నాకు కొత్త కాదు. ఆవిడ పోయాక ఆయన వారానికొకసారి మోటారు సైకిలు మీద వచ్చి, చెయ్యి బల్ల మీద పెట్టి, పట్టీ గాలి పోసుకుని బిగుసుకుంటుంటే ఊపిరి బిగపట్టి కూర్చునేవారు. బీపీ ఎప్పుడూ బాగానే ఉండేది. బాగానే ఉన్నదాన్ని వారం వారం ఎందుకు చూపించుకుంటున్నారో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. టీ తాగి వానల గురించీ చెరకు గురించీ మాట్లాడి వెళ్లిపోయేవారు. ఈ కాలం పిల్లలు దానికి డేటింగ్ అని పేరు పెడతారేమో. మాకు మాత్రం దానికి పేరు లేకపోవడమే హాయిగా ఉండేది.

ఒక చలికాలం ఉదయం ఆయన సంచిలోంచి ఓ పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. విస్తళ్లు కుడతారే, కొయ్యూరు కొండల నుంచి వచ్చే ఆ అడ్డాకులో చుట్టిన పసుపు చామంతులు. మంచు తడి ఇంకా ఆరలేదు. ఇచ్చేటప్పుడు ఆయన నా మొహం చూడలేదు, బీపీ మిషను వైపు చూస్తూ, సేలో పూశాయండి, తెచ్చీశాను అన్నారంతే.

ఆయన వెళ్లాక ఆ పువ్వులతో ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఇక్కడ చిన్న సంగతి ఒకటి చెప్పాలి. మా అత్తగారిది మిషనరీల నాటి నుంచి గుడిని అంటిపెట్టుకున్న కుటుంబం. ఇంటి కోడలు తలలో పువ్వులు పెట్టుకుంటే అదొక షోకుగా, దేవుడికి ఇష్టం లేని పనిగా చూసేవారు. పెళ్లయిన కొత్తలో మా ఆయన షెడ్డు నుంచి వస్తూ మల్లెదండ తెచ్చారు. దండకి అక్కడక్కడ గ్రీజు అంటుకుని ఉంది. మా అత్తగారు చెయ్యి చాపారు, నేను ఇచ్చేశాను, ఆవిడ దాన్ని గుడిలో పువ్వుల కూజాకి చుట్టించారు. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆవిడ నమ్మకం ఆవిడది. కానీ మా ఆయన ఆ తర్వాత నాకు పువ్వులు తేలేదు. నలభై ఏళ్లు నాతో బతికిన మనిషి ఇవ్వడం మానేసిన వస్తువుని ఇప్పుడు పరాయి మనిషి దగ్గర పుచ్చుకుని, దాన్ని ఏ గిన్నెలో పెట్టినా ఆ గిన్నె నన్ను నిలదీస్తున్నట్టే అనిపించింది.

చివరికి చెప్పులేసుకుని సమాధుల తోటకి నడిచి వెళ్లి, ఆ చామంతులు మా ఆయన సమాధి మీద పెట్టి వచ్చాను. మనసు కాస్త కుదుటపడింది. మరుసటి వారం మళ్లీ పొట్లం వచ్చింది, మళ్లీ అక్కడికే వెళ్లింది. చామంతులు అయిపోతే బంతులు, బంతులు లేనప్పుడు నందివర్ధనాలు. ఒకసారి ఆయన మనవరాలికి లక్కబొమ్మ కొనాలంటే ఇద్దరం ఏటికొప్పాక కూడా వెళ్లాం. బస్సులో వేరువేరు సీట్లలో కూర్చుని, బొమ్మలు చేసేవాళ్ల ఇంటి ముందు నేను ఎవరో తెలియనిదానిలా దూరంగా నిలబడి, అయినా ఆ రోజంతా ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పటికీ తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. ఆ వారం సమాధి దగ్గర మామూలుకంటే ఎక్కువసేపు కూర్చున్నాను.

అంతటితో ఆగి ఉంటే నా మానాన నేను సర్దుకునేదాన్నే. కానీ గుడిలో స్త్రీల సమాజం కూడికలో పాస్టరమ్మగారు లేచి నన్ను చూపించారు. "ఈ అమ్మగారిని సూసి నేర్సుకోండమ్మా. పోయినాయన మీద ఎంత ప్రేమో, వారం తప్పకండా పువ్వులు ఎడతన్నారు. మనలో ఎవరం సేత్తున్నాం?" అందరూ నావైపు తిరిగారు. వెనక వరసలో ఒకామె కళ్లు కూడా తుడుచుకుంది. నేను తల వంచుకుని కూర్చున్నాను. వాళ్లు దాన్ని వినయం అనుకున్నారు. ఇంకో మగవాడు ప్రేమగా ఇచ్చిన పువ్వులకి నేను పతివ్రతనన్న పేరు తెచ్చుకున్నాను. ఆ మాట పాస్టరమ్మగారు మా అమ్మాయికీ చెప్పారు. ఆదివారం అది వచ్చి, నా భుజం మీద తల పెట్టుకుంది. నన్ను కొట్టి ఉంటే నయంగా ఉండేది.

తర్వాతి వారం మా అమ్మాయి స్నేహితురాలి నాన్నగారు పొట్లం తీస్తుంటే వద్దని చెప్పాను. ఎందుకో చెప్పబోతే ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఆయన ఇచ్చిన పువ్వుల్లో ఒక్కటీ ఇంట్లో ఉంచుకోలేదనీ, అన్నీ ఎక్కడికి వెళ్లాయో, వాటి పేరు చెప్పి నలుగురూ నన్ను ఎలా పొగిడారో మొత్తం చెప్పేశాను. ఆయన పొట్లాన్ని మళ్లీ సంచిలో పెట్టుకున్నారు.

"నాకు తెలుసండి," అన్నారు. "నాను ఎల్లే దారే కదండీ అది. మా సేలో పువ్వుల్ని నాను గుర్తుపట్టనేటండి?"

"మరి తెలిసీ ఎందుకు తెస్తున్నారండీ?"

"మీరు ఆయనకి ఎట్టుకుంటే మీ మనసు తేలికపడతాది కావాల అనుకున్నాను. మీరు తేలికపడితే సాలు కదండీ నాకు."

నేను ఆయన్నీ మోసం చేశాననుకున్నాను, ఆయన అది తెలిసే మోస్తున్నారు. ఆ తేడా తెలిశాక నా తప్పు తగ్గిందో పెరిగిందో చెప్పలేను. ఒకటి మాత్రం తేల్చుకున్నాను, మా అమ్మాయికి ఇక దాచకూడదని.

ఆ ఆదివారం అన్నాలు తిన్నాక చెప్పాను. అది గిన్నెలు సర్దుతూ విన్నది. అంతా విని ఒక్కటే అడిగింది.

"నాన్న సమాధి మీద పెట్టినవన్నీ ఆయనిచ్చినవేనా అమ్మా?"

అవునన్నాను. ఆ సాయంత్రం బస్సుకి వెళ్లినది మళ్లీ చాన్నాళ్లు రాలేదు. ఫోను చేస్తే ఎత్తేది, తిన్నావా, మందులు వేసుకున్నావా అని అడిగేది, అంతకు మించి మాటల్లేవు. ఆ రోజుల్లో నేను స్నేహితురాలి నాన్నగారిని కూడా రావద్దన్నాను. ఆయన సరేనని వెళ్లిపోయారు. ఆ వరండాలో కూర్చుని ఎవరెవరి చేతులకో పట్టీలు చుడుతూ, ముగ్గురిలో ఎవరికి ఎంత బాకీ పడ్డానో లెక్క తేలక సతమతమయ్యేదాన్ని.

ఏడు తిరిగి మా ఆయన పోయిన రోజు వచ్చింది. తెల్లారి నేను సమాధుల తోటకి వెళ్లేసరికి మా అమ్మాయి అప్పటికే అక్కడుంది. పాయకరావుపేట నుంచి మొదటి బస్సుకి వచ్చేసినట్టుంది. సమాధి కడిగి, తను కొనుక్కొచ్చిన పువ్వులు తండ్రి పేరు చుట్టూ పరిచి ఉంచింది. నన్ను చూసి లేచి చెంగుతో చేతులు తుడుచుకుంది. ఇద్దరం ప్రార్థన చేసుకున్నాం. గేటు దాటాక అంది.

"ఇకనుంచి నాన్నకి పువ్వులు నేనే తెస్తానమ్మా. నువ్వు తేవద్దు. ఆయన తెచ్చినవి నువ్వే ఉంచుకో."

అది కోపమో మన్నింపో, నాకిచ్చిన సెలవో, నా దగ్గరనుంచి లాక్కున్న హక్కో ఆ రోజు అర్థం కాలేదు. ఈ రోజు కూడా పూర్తిగా అర్థమైందని అనను. దాని కళ్లలో నీళ్లున్నాయి, నా చెయ్యి మాత్రం బస్సెక్కేదాకా వదల్లేదు.

స్నేహితురాలి నాన్నగారికి నేనే ఫోను చేసి మళ్లీ రమ్మన్నాను, ఇప్పుడూ వస్తున్నారు. పెళ్లి మాట ఇద్దరం ఎత్తలేదు, ఎత్తమేమో కూడా. మొదట్లో గుసగుసలాడిన వీధి ఇప్పుడు ఆయన మోటారు సైకిలు ఆగితే తల కూడా ఎత్తదు. పాస్టరమ్మగారు కూడా కూడికల్లో నా పేరు ఎత్తడం మానేశారు, ఎదురుపడితే మాత్రం ఆరోగ్యం ఎలా ఉందమ్మా అని మామూలుగానే అడుగుతారు. మా అమ్మాయి వచ్చిన రోజు ఆయనుంటే, ముగ్గురికీ టీ అదే పెడుతుంది. ఊళ్లో ఇప్పుడు కాగితాల్లో చుట్టి రిబ్బను కట్టిన గుత్తులు దొరుకుతున్నాయి. ఎవరు ఎవరికి ఇచ్చినా ఎవరూ ఆగి చూడరు. మన కాలంలో ఒక్క మల్లెదండకి ఎంతమంది అనుమతి కావలసి వచ్చేదో తలుచుకుంటే, ఈ పిల్లలకి చెప్పినా నమ్మరనిపిస్తుంది. ఇలా మారడం మంచిదే. నేనూ ఆ మార్పు నీడనే బతుకుతున్నాను.

ఆయన తెచ్చిన పువ్వులు ఇప్పుడు మా భోజనాల బల్ల మీద స్టీలు గ్లాసులో ఉంటాయి, వాడిపోయేదాకా రోజూ నీళ్లు మారుస్తాను. వారానికోసారి సమాధుల తోటకీ వెళ్తాను, అది మానలేదు. కూతురు చెప్పిన మాట ప్రకారం ఉత్త చేతులతోనే వెళ్తాను. మా ఆయన పేరు మీద పడ్డ దుమ్ము కొంగుతో తుడిచి, కాసేపు కూర్చుని, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో దాచుకుంటాను.