ఎస్తేరు కుడిచెయ్యి

మిరప ఏరే కాలం వచ్చిందంటే మహబూబాబాద్ దగ్గర గూడూరు అవతల ఒక ఊళ్లో ఎస్తేరు ఇంటి ముందు సాయంత్రం పూట రైతుల మోటార్‌సైకిళ్లు ఆగేవి. ఆడకూలీల ముఠాకు ఆమె పెద్ద. రైతు బండి దిగడు, ఇంజను కూడా ఆపడు. రేపు మా చేనుకు వస్తరా అని అడుగుతాడు. వస్తమనాలి. ఒళ్లు కాలుతున్నా, ఇంటి నిండా చుట్టాలున్నా వస్తమనే అనాలి. చూద్దాం లే అన్న ముఠా దగ్గర ఆ బండి మళ్లీ ఆగదు.

ఈ పాఠం ఎస్తేరుకు తల్లి నేర్పింది. ఆవిడ నొప్పులు పడుతూ కూడా ఒక రైతుకు రేపు వస్తానని చెప్పిందట. తెల్లారేసరికి ఎస్తేరు పుట్టింది. మా అవ్వ మాట తప్పింది ఆ ఒక్కసారే, అదీ నా వల్లనే అని ఎస్తేరు నవ్వుతూ చెప్పుకునేది. ఆమె భర్త సాంసన్ తాపీ పనివాడు. పని ఉన్న రోజు మంచివాడు, లేని రోజు ఇంకా మంచివాడు, ఎందుకంటే ఆ రోజు వంట అతనిదే. ఇంటి సంగతి అలా ఉంచితే, చేలో ఎస్తేరుకు సాటి లేదు. పండుకాయను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చిన్నగా పైకి లేపితే తొడిమెతో సహా చేతిలోకి వచ్చేది. తొడిమె లేని కాయ తొందరగా బూజు పడుతుంది, మార్కెట్లో బేరగాడు దాన్ని పక్కకు నెడతాడు. అందుకే రైతులు ముందు ఎస్తేరు గుమ్మం దగ్గరికే వచ్చేవారు.

రెండేళ్ల కింద మాఘమాసంలో ముఠా ట్రాలీ ఆటోలో చేనుకు పోతుంటే మలుపు దగ్గర ఒక వ్యాను వచ్చి గుద్దింది. మిగతా ఆడవాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. అంచున కూర్చుని కుడిచేత్తో కడ్డీ పట్టుకున్న ఎస్తేరుకు మణికట్టు నుజ్జయింది. వరంగల్ దవాఖానలో పట్టీలు వేసి అతికించారు. చెయ్యి చూడ్డానికి చెయ్యిలాగే ఉంది. కాని బొటనవేలూ చూపుడువేలూ ఇక కలుసుకోవు.

మహబూబాబాద్‌లో శ్రీలత అనే వకీలు వ్యాను బీమా కంపెనీ మీద నష్టపరిహారం కేసు వేసింది. చిన్న వయసు, చురుకైన మనిషి. దవాఖాన ఖర్చు పెద్ద లెక్క కాదని, చెయ్యి పోవడంతో ఇక మీదట పోయే కూలే అసలు లెక్కని ఆమె విడమరిచి చెప్పింది. అది రావాలంటే నాకు పని చాతగాదని ఎస్తేరు తన నోటితో జడ్జి ముందు అనాలి. అంతకుముందు ఆమె కూలి ఎంతో చెప్పడానికి ఒక రైతు కావాలి. ఊళ్లో పెద్ద మిరప చేను ఉన్న హన్మంతు పటేల్ పిలవగానే ఒప్పుకున్నాడు. వకీళ్లకు ఒక భ్రమ ఉంటుంది. కాగితం మీద రాసిందే మనిషి నోట కూడా వస్తుందనుకుంటారు.

శ్రీలతకు ఎస్తేరు చెప్పని సంగతి ఒకటుంది. కట్టు విప్పిన మరుసటి పంటకే ఆమె మళ్లీ చేనుకు పోయింది, అదీ హన్మంతు చేనుకే. కుడి మోచేత్తో కొమ్మను అదిమి పట్టి ఎడమచేత్తో ఏరింది. కాయ వచ్చేది, తొడిమె చెట్టుకే ఉండేది. పక్క సాలులోని రుక్కి, పటేల్ అటు తిరిగినప్పుడల్లా తన సంచిలోంచి దోసెడు కాయలు ఎస్తేరు గంపలో పోసేది. మిగతా ఆడవాళ్లూ అంతే. ముఠా పెద్దకు చెయ్యి పడిపోయిందన్న సంగతి రైతులకు తెలియనివ్వకూడదని అందరిదీ ఒకే పట్టుదల.

కోర్టు రోజున ఎస్తేరు ఉతికిన చీర కట్టుకుని బోనెక్కింది. దేవుని సాక్షిగా నిజమే చెబుతానంది. బీమా కంపెనీ వకీలు మర్యాదగానే అడిగాడు, ఇప్పుడు మిరపకాయలు ఏరడం నీకు పూర్తిగా చాతకాదా అని. ఎస్తేరు నోరు తెరిచింది. వెనక బల్ల మీద హన్మంతు పటేల్ కూర్చుని ఉన్నాడు. ఆమె కళ్లు అటే పోయాయి.

"ఎందుకు చాతగాదు సార్, ఏరుత" అంది.

శ్రీలత పెన్ను కింద పెట్టేసింది. దేవుని పేరు చెప్పి ఎస్తేరు జన్మలో ఆడిన అబద్ధం అదొక్కటే. అదీ తన గొయ్యి తనే తవ్వుకునే అబద్ధం. ఆ ఒక్క మాటతో కేసు సగం నీరుగారిపోయింది.

తర్వాత హన్మంతును పిలిచారు. ఇంతకుముందు కూలి ఎంత ఇచ్చేవాడో చెప్పాడు. ఇప్పుడు ఆమె పని ఎలా ఉందని శ్రీలత అడిగింది. అడిగితే తనకు ఇక పోయేదేమీ లేదనుకుంది. హన్మంతు జడ్జి వైపు తిరిగాడు.

"పోయినేడు నా చేనుకే వచ్చింది సార్. ఏరింది. తొడిమెలన్నీ చెట్టుకే ఉన్నయి. ఆడోళ్లు వాళ్ల కాయలు తెచ్చి ఆమె గంపల పోసిన్రు. చూసి కూడ నేను చూడనట్టే ఊకున్న."

వచ్చే పంటకు పిలుస్తావా అంది శ్రీలత.

"పిలువ. ఆ చెయ్యి ఇగ పనికి రాదు."

ఎస్తేరు తల వంచుకుంది. చెయ్యి విరిగిన రోజు కూడా ఆమెకు అంత సిగ్గు వేయలేదు. ఏడాదంతా దాచామనుకున్నది దాగనే లేదు, పైగా నలుగురిలో, జడ్జి ముందు బయటపడింది. ఊరికి వెళ్లే బస్సులో హన్మంతు ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో కూర్చున్నారు.

కోర్టు హన్మంతు మాటే నమ్మింది. పరువు కోసం ఒక కూలిమనిషి చాతగాని పనిని చాతనవుతుందని చెప్పడం వింత కాదని తీర్పులో రాశారు. అడిగినంత కాకపోయినా డబ్బు బాగానే వచ్చి బ్యాంకులో పడింది. శ్రీలత ఫోన్ చేసి మరీ సంతోషపడింది. సాంసన్ ఇంటికి కొత్త రేకులు వేయించాడు. ఆ రేకుల కింద కూర్చుని ఎస్తేరు పొద్దున్నే చేలకు పోయే ఆటోలను చూస్తుండేది.

మళ్లీ కాయ పండింది. ఒక సాయంత్రం హన్మంతు బండి ఆ వీధిలోకి వచ్చింది. ఇప్పుడు ముఠాకు రుక్కి పెద్ద, ఆమె ఇల్లు నాలుగు గడపల అవతల. ఎస్తేరు గుమ్మంలో కనబడేసరికి తప్పించుకు పోవడానికి అతనికి మనసొప్పలేదు. బండి ఆపి, మొదటిసారిగా ఇంజను కూడా ఆపేశాడు.

"పైసలు పడ్డయట గదా. నీ మేలు కోరే చెప్పిన ఎస్తేరు. ఇగ నిమ్మళంగ కూసొని తిను."

"మేలే చేసినవ్ పటేలా, కాదన. పైసలు బ్యాంకుల ఉన్నయ్. పొద్దుగాల లేసి నేనెటు పోవాలె, గది చెప్పు."

హన్మంతు బండిని ఇంజను వేయకుండానే నెట్టుకుంటూ రుక్కి ఇంటి దాకా నడిచాడు.