లేబుల్ లేని సీసా

2023 జూన్. వేట నిషేధం ముగిసి బోట్లు మళ్లీ సముద్రం మీదికి వెళ్తున్న రోజులు. విశాఖపట్నంలో ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లే దారిలో, మత్స్యకారుల పేట మొదట్లో మా కిరాణా కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. మా నాన్న పెట్టిన కొట్టులో నేను కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. పేటలో ఎవరికి ఏం కావాలన్నా ముందు నా దగ్గరికే వస్తారని కాస్త గొప్పగానే చెప్పుకునేవాణ్ణి. ఆ గొప్ప తగ్గిన సంగతి ఇది.

మా వ్యాపారంలో సాషే అంటే ఒక్కసారి వాడకానికి సరిపోయే చిన్న ప్యాకెట్టు. షాంపూ, బట్టల పౌడరు, అంట్ల లిక్విడ్, అన్నీ సాషేల్లోనే వస్తాయి. కొట్టు గుమ్మానికి దండల్లా వేలాడదీస్తాం. పేటలో ఏ రోజు సరుకు ఆ రోజే కొంటారు కాబట్టి అవే ఎక్కువ పోతాయి. వాడాక ఖాళీ కవర్లు కాలువలోకి, కాలువలోంచి సముద్రంలోకి పోతాయి. ఒకరోజు ఎల్లాజీ వచ్చి పదిమంది ముందు నన్ను పట్టుకున్నాడు. ఇంకో ఇద్దరితో కలిసి ఇంజన్ బోటు మీద వేటకెళ్లే మనిషి, నలభై ఏళ్లుంటాయి.

"సావుకారు బావా, వల లాగితే సేపలకన్నా నీ కవర్లే ఎక్కువొత్తన్నాయి. ఆటిని కూడా నువ్వే కొనుక్కో" అన్నాడు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ నెలలోనే రీఫిల్ మొదలుపెట్టాను. రీఫిల్ అంటే సరుకు పెద్ద క్యాన్‌లో వస్తుంది, దానికి కుళాయి ఉంటుంది, కొనేవాళ్లు ఇంటినుంచి ఖాళీ సీసా తెచ్చుకుని నింపుకెళ్తారు. కొత్త ప్లాస్టిక్ ఉండదు. గాజువాకలో ఒక చిన్న తయారీదారు దగ్గర అంట్లు తోమే లిక్విడ్, ఇల్లు తుడిచే లిక్విడ్ మాట్లాడుకున్నాను. ఇల్లు తుడిచేది నీలం రంగులో చేస్తామన్నాడాయన. రంగు దేనికండీ, అదీ కెమికలే కదా, రంగు లేకుండానే పంపండి అన్నాను. అప్పుడు నాకు నేనే మహా తెలివైనవాడిలా కనిపించాను.

వ్యాపారం బాగానే సాగింది. గుమ్మానికి వేలాడే దండలు సగమయ్యాయి. మధురవాడ నుంచి కాలేజీ పిల్లలు వచ్చి ఫోటోలు తీసుకుంటామంటే పైకెళ్లి చొక్కా మార్చుకొచ్చాను. జనం తెచ్చేవి ఎక్కువగా మంచినీళ్ల సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు. ఇంట్లో ఏది ఉంటే అదే తెస్తారు. నేను వద్దనలేదు సరికదా, శుభ్రంగా కడిగి తెచ్చినవాళ్లను మెచ్చుకున్నాను కూడా. అలా నేను మెచ్చుకున్నవాళ్లలో ఎల్లాజీ భార్య నూకరత్నం ఒకతి.

ఒకరోజు తెల్లారగట్ల షట్టరు దబదబా చప్పుడైంది. కిందికి వచ్చి తీస్తే నూకరత్నం.

"బావూ, ఇల్లు తుడిసే సీసా అట్టుకెళిపోనాడు. మంచినీల్ల సీసా దొర్లిపోయి మంచం కిందుంది" అంది.

మా పేటలో మగవాళ్లు చీకటితోనే వేటకు వెళ్తారు. ఆడవాళ్లు ముందురోజు సాయంత్రమే అన్నం క్యారేజీ, నీళ్ల సీసాలు గుమ్మం పక్కన పెట్టేస్తారు. లైటు వేసి పిల్లల్ని లేపకుండా చేతికందింది పట్టుకుని వెళ్లిపోవడం అలవాటు. ముందురోజు సాయంత్రం నూకరత్నం ఇల్లు తుడిచి ఆ సీసాను కూడా అక్కడే పెట్టింది.

"వెళ్లేటప్పుడు చూడలేదా?" అని అడిగాను.

"సూసినాను. సందు సివరనున్నాడు. సీసా మారిందేమో అని అనుమానమొచ్చి కేకెయ్యబోనాను. మా అత్త సెయ్యట్టుకుంది. ఏటకెల్లేవోన్ని ఎనక్కి పిలుత్తావేటే అని. సరే, ఇంట్లోనే ఎక్కడో ఉంటాదిలే అని ఎతికినాను. ఎతికేసరికి బోటెలిపోయింది."

వేటకు బయల్దేరిన మనిషిని వెనక్కి పిలిస్తే కీడని ఇక్కడి నమ్మకం. నాకూ ఉంది ఆ నమ్మకం, అందుకే ఆమెను ఏమీ అనలేకపోయాను.

ఎల్లాజీకి ఫోన్ చేస్తే మోగుతోంది గానీ తీయడం లేదు. ఉప్పునీళ్లు తగలకుండా ఫోన్‌ను కవర్‌లో చుట్టి డబ్బాలో పెట్టుకుంటారు, ఇంజన్ చప్పుడులో వినిపించదు. నూకరత్నం తమ్ముడు కూడా ఆరోజు వేరే బోటులో వెళ్లాడు. అతనికి చేస్తే నాలుగోసారికి ఎత్తాడు. విషయం చెప్పగానే బోటు తిప్పి బావ బోటు దగ్గరికి పోనిచ్చాడు. కాసేపటికి అతనే మళ్లీ ఫోన్ చేశాడు.

"ఒక గుక్క తాగీసినాడక్కా. దగ్గుతన్నాడు. నురగొత్తంది. తెచ్చెత్తన్నాం."

మేం జెట్టీ దగ్గర ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. నూకరత్నం ఏడవలేదు. సముద్రం వైపు చూస్తూ నిలబడింది. ఆ గుక్క నేను స్వయంగా కుళాయి తిప్పి పోసింది.

బోటు రాగానే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఏం తాగాడని అడిగింది. ఫ్లోర్ క్లీనర్ అన్నాను.

"ఏ ఫ్లోర్ క్లీనరండీ? అందులో ఏముంది? డబ్బా మీద రాసుంటుంది కదా."

బోటులోంచి తీసుకుని కొంగులో చుట్టి తెచ్చిన సీసాను నూకరత్నం ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసింది.

"దీని మీద మంచినీళ్లని రాసుంది" అంది.

కోపంగా కూడా అనలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది. ఇంట్లో ఉన్న మా ఆవిడకు ఫోన్ చేసి క్యాన్ మీది లేబుల్ ఫోటో తీసి పంపమన్నాను. కుళాయి కారి కారి ఆ కాగితం తడిసి సగం ఊడిపోయిందట. ఆవిడ తయారీదారుకు ఫోన్ చేసి, అందులో ఏమేం కలుపుతారో అడిగి రాసి, ఆ చీటీ ఫోటో పంపేసరికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ లోపల ఎల్లాజీ దగ్గు వినిపిస్తూనే ఉంది. ఇరవై ఏళ్లలో కొట్టు ఎప్పుడైనా మూసేద్దామనిపించిందంటే అప్పుడే.

చీటీ చదివి డాక్టరమ్మ కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. యాసిడ్ కాదు, పలచనిదే. అయితే నురగ ఊపిరి గొట్టంలోకి వెళ్లింది కాబట్టి ఉంచుకోవాలంది. నాలుగు రోజులు ఉంచారు.

బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు నూకరత్నం అంది, "నాను పిలిసుంటే ఇంత కాకపోను బావూ."

"తప్పు నీది కాదమ్మా. మంచినీళ్ల సీసాలో పోసిచ్చింది నేను" అన్నాను.

ఇంటికొచ్చి కుళాయి క్యాన్లు రెండూ వెనక గదిలోకి నెట్టేశాను. మళ్లీ సాషేల దండలు కట్టాను. సిగ్గుతో వారం రోజులు పేటలో ఎవరి మొహమూ సరిగ్గా చూడలేదు.

రెండు వారాలకు ఎల్లాజీ వచ్చాడు. గొంతు బొంగురుపోయింది. గుమ్మానికున్న దండలకేసి చూశాడు.

"కుళాయిలేవీ?"

"తీసేశాను ఎల్లాజీ. నీకు అంత జరిగాక కూడా ఎలా పెట్టమంటావు?"

"నాను తాగింది మంచినీల్ల సీసా అనుకుని. తప్పు సీసాది. నువ్వు లిక్విడ్డు మానీసినావు" అన్నాడు. ఊపిరి తీసుకుని, మొలలోంచి వల అల్లే దారం ముక్క తీశాడు. బల్ల మీదున్న ఒక ఖాళీ సీసా మెడకు నాలుగు చుట్లు చుట్టి, గట్టి ముడి వేసి నా చేతిలో పెట్టాడు. "సీకట్లో మాకు కళ్లు పనిసెయ్యవు బావా. సెయ్యే సూత్తాది. ఇది సేతికి తగిలితే ఎవుడూ నోట్లో ఎట్టుకోడు."

లేబుల్ చదవడానికి కళ్లుండాలి, వెలుతురుండాలి, చదువుండాలి. ఈ మూడూ లేని వేళ మనిషి సీసా అందుకుంటాడన్న సంగతి ఇన్నేళ్ల వ్యాపారంలో నాకు తట్టలేదు.

కుళాయిలు మళ్లీ పెట్టాను. ఇప్పుడు తాగే సీసా ఏది తెచ్చినా నింపను. పాత ఫ్లోర్ క్లీనర్ సీసాలే పోగుచేసి, కడిగి, మెడకు వల దారం చుట్టి ఇస్తాను, అవే మళ్లీ మళ్లీ తిరుగుతాయి. లిక్విడ్‌లో నీలం రంగు వేయించాను. ఏమేం కలిపారో కాగితం మీద రాయించి, క్యాన్ పక్కన గోడకు అద్దం కింద పెట్టాను. "ఇన్ని రూల్సేటి సావుకారూ" అని విసుక్కుని వేరే కొట్టుకు పోయినవాళ్లూ ఉన్నారు. పోనీ అనుకున్నాను.

కవర్ అంటే చెత్త అని మాత్రమే అనుకున్నాను. అది చెత్తే, సముద్రానికి చేటే. కానీ అది పారేసేలోపు లోపలున్నదేమిటో నలుగురికీ చెబుతుంది. ఆ పని ఇంకెవరు చేస్తారో చూసుకోకుండా కవర్ తీసేయడం నా తప్పు. తక్కువ ప్లాస్టిక్‌తో అమ్ముదామనుకునే తోటి కొట్టువాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే.

ఎల్లాజీ గొంతు పూర్తిగా రాలేదు. పక్క బోటుకు కేక వేయాలంటే ఇప్పుడు జతగాళ్లే వేస్తారు. కొట్టుకొచ్చి ఏదైనా అడిగితే నాకు సరిగ్గా వినపడదు. తూకం ఆపి, బల్ల మీదుగా అతని దగ్గరికి వంగి వింటాను.