మాత్రలకు ఖజా లేదు

మా మేనత్త పోయింది. వాళ్ల ఊరు సూళ్లూరుపేట నుంచి దూది కొట్టు ఆయన గూడూరులో రైలు దిగి, నేరుగా నేను పాఠం చెప్పే బడికి వచ్చి, "మీ అత్త తెల్లవారుజామున పోయిందమ్మా, గుండె ఆగిపోయింది" అన్నాడు. నలభయ్యో రోజు కూడా దాటింది. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే ఆ గుండె ఊరికే ఆగలేదు. తన మందు తానే ఎక్కువగా వేసుకుని పోయింది. చావాలని కాదు, మంచితనం వల్ల. ఇది మీకు చెప్పకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు.

మాది దూదేకుల కుటుంబం. మామ దూది ఏకితే అత్త పరుపులు కుట్టేది. చేయవలసింది ఏదైనా మిగిలిపోతే ఆమెకు నిద్ర పట్టేది కాదు. చిన్నప్పుడు రోజూ నాకు జడ వేసేది. ఒకరోజు కుదరకపోతే మరునాడు వేసిన జడ విప్పి మళ్లీ వేసేది. "నిన్నటిది నిన్నటిదే, ఈ పొద్దుది ఈ పొద్దుదే" అనేది. నెత్తి మంటెత్తి నేను ఏడిస్తే నవ్వేది. జ్వరం వచ్చి రంజాన్ ఉపవాసం తప్పితే, పండగ అయ్యాక ఒక్కతే ఉండి తీర్చుకునేది. అలా తీర్చుకోవడాన్ని మావాళ్లు ఖజా అంటారు. "దేవుడి దగ్గర మొహం చాటేసి తిరగలేం గదే" అనేది.

పోయిన ఏడు రంజాన్ దాటాక గొంతుగడ్డ పెరిగి అన్నం దిగకపోతే మద్రాసులో ఆపరేషన్ చేయించాం. గడ్డతోపాటు థైరాయిడ్ గ్రంథి కూడా పోయింది కనుక, దాని పని చేసిపెట్టే మాత్ర జన్మంతా వేసుకోవాలన్నారు. గుండెదడ వస్తుందేమో చూసుకుంటూ డాక్టరు మొదట అర మాత్ర, తర్వాత ఒకటి, మెల్లగా పెంచాడు. "ఏ జంతువుదయ్యా ఈ మందు?" అని అడిగి, పందిది కాదు, గొర్రెదని తేలాకే మింగింది మహాతల్లి. ఆ మాత్ర పడకముందు ఆమెను చూడాల్సింది. రోహిణి కార్తెలో మేమంతా విసనకర్రలు వదలకుండా ఉంటే ఆమె దుప్పటి కప్పుకుని కూర్చునేది. మొహం ఉబ్బిపోయింది, గొంతు బొంగురుపోయింది. "ఇంట్లో ఇంకో మొగోడు చేరినాడే" అని మామ ఎగతాళి చేసేవాడు. మాత్రే ఆమెను మళ్లీ మనిషిని చేసింది. అందుకే అదంటే అంత భక్తి.

ఈ ఏడు రంజాన్‌కు మసీదు హజరత్ స్వయంగా ఇంటికి వచ్చి, "రోగం ఉండేవాళ్లకి ఉపవాసం తప్పనిసరి కాదమ్మా" అని చెప్పాడు.

"నాకేం రోగం హజరత్? గుండ్రాయి మాదిరి ఉండాను" అందట.

డాక్టరేమో మాత్ర తెల్లవారాక పరగడుపున వేసుకోమన్నాడు. తెల్లవారితే ఉపవాసం. చీకటితో తినే సహరీలోనే మింగి ఉంటే సరిపోయేది. కానీ డాక్టరు మాట దాటడం ఆమెకు చేతకాదు, దేవుడి మాట దాటడం అసలే చేతకాదు. ఆ నెలంతా ఏ రోజు మాత్ర ఆ రోజు తీసి పక్కన పెట్టింది. పండగ అయ్యాక వాటికి ఖజా మొదలుపెట్టింది. రోజూ ఆనాటి మాత్ర, దాంతోపాటు తప్పినవి రెండో మూడో. నెల రోజులు మందు లేక మందగించిన గుండె మీద అంత మందు పడింది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం వెళ్లాను. ఇవేవీ నాకు తెలియవు. ఆమె చేతులు వణుకుతున్నాయి, సూదిలోకి దారం ఎక్కడం లేదు. నా చేయి లాక్కుని గుండె మీద పెట్టుకుంది.

"చూడవే, మీ మామ లోపల కూర్చోని దూది ఏకతా ఉండాడు."

చేతి కింద గుండె గతి తప్పి పరుగెడుతోంది. నాకు భయమేసింది.

"రేపే మద్రాసు పోదాం పదత్తా."

"పోదాంలే. రవంత బాకీ ఉండాది, అది తీరినాక పోదాం."

"ఏం బాకీ?"

"నీకెందుకే, ముందు అన్నం తిను."

పరుపుల పని కాబోలు అనుకున్నాను. మరోలా ఎలా అనుకుంటాను?

మూడోనాటి ఫాతెహా ప్రార్థన అయ్యాక మామ ఒక పాత వక్కపొడి డబ్బా తెచ్చి హజరత్ ముందు పెట్టాడు. అడుగున కొన్ని మాత్రలున్నాయి.

"తప్పినవి తీరస్తా ఉండాననింది. ఒకటి తింటేనే బాగయింది గదా, ఇంకో రెండు తింటే ఇంకా మంచిదే గదా అనుకున్నా. హజరత్, మాత్రలకి ఖజా ఉండాదా?"

"లేదు నాయనా" అని ఆ ముసలాయన తల దించుకున్నాడు.

ఆ ఒక్క ముక్క ముందుగా చెప్పే మనిషి లేకపోయాడు. దేవుడే మాఫీ చేసిన ఉపవాసాన్ని ఆమె మాఫీ చేసుకోలేకపోయింది. పెద్దవాళ్లు వచ్చి అంతా రాసిపెట్టి ఉంటుందమ్మా అంటున్నారు. ఆ మాట నా లోపలికి పోవడం లేదు. చెప్పిన మాట తప్పకూడదని రోజూ బడిలో పిల్లలకు చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ పాఠం వస్తే పేజీ తిప్పేస్తున్నాను.

నేను తిరిగి గూడూరుకు బయలుదేరిన పొద్దున మామ వాకిట్లో కూర్చుని ఉన్నాడు. మిగిలిన మాత్రలు గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"పారేయి మామా" అన్నాను.

"ఆమె బాకీ గదే. ఎట్టా పారేసేది?"

గాలి లేదు, ఉక్క. ఆయన గుప్పిలి విప్పి చూపించాడు. మాత్రలు చెమటకు మెత్తబడి, మట్టి రంగులో అరచేతి గీతల్లోకి దిగుతున్నాయి. కాసేపు వాటినే చూసి, మళ్లీ గట్టిగా గుప్పిలి మూసుకున్నాడు.