ఎర్రమ్మ మెడలో తాడు

బంగారుతల్లికి కుక్కలంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు రావికమతంలో, పిచ్చికుక్క కరిచిన మేనత్తను చూసింది. మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి తెస్తే ఆవిడ పెట్టిన కేక బంగారుతల్లి చెవుల్లోంచి ఎప్పటికీ పోలేదు. పెళ్ళయి అనకాపల్లి వచ్చాక కూడా, వీధిలో కుక్క ఎదురైతే గోడవైపు తిరిగి అది వెళ్ళేదాకా నిలబడిపోయేది.

గవరపాలెంలో ఇంటి అరుగు మీదే ఆమె ఎండుచేపలు అమ్మేది. భర్త సింహాద్రి కశింకోట రూటులో షేర్ ఆటో నడిపేవాడు.

2005 వానల్లో ఆ సందులోకి ఒక ఎర్ర కుక్క వచ్చింది. చేపల వాసనకే వచ్చి ఉంటుంది. దాని మెడలో నైలాను తాడు ఉంది. పిల్లగా ఉన్నప్పుడు ఎవరో కట్టి, తర్వాత తెంచి వదిలేసినట్టున్నారు. కుక్క పెరిగింది గానీ తాడు పెరగలేదు. అది మెడ చుట్టూ మాంసంలోకి దిగిపోయి, పుండు మీద ఈగలు ముసురుతుండేవి. ఎవరు దగ్గరికి వెళ్ళినా కుక్క పళ్ళు బయటపెట్టేది.

"సూడలేకపోతన్నాను. ఆ తాడు కోసేత్తే బతుకుద్ది" అంటూ ఒకరోజు సింహాద్రి గోనెసంచి పట్టుకుని దాని మీదికి ఉరికాడు. కుక్క అతని మణికట్టు కరిచి, సంచి కిందినుంచి జారి పారిపోయింది.

ఆసుపత్రిలో సూది వేశారు. "మిగతా సూదులు మానొద్దు. ఆ కుక్కను కూడా పది రోజులు కనిపెట్టుకుని ఉండండి. అది బాగుంటే మీకు భయం లేదు" అని చెప్పారు.

ఆ మాటతో బంగారుతల్లికి కంటిమీద కునుకు పోయింది. కుక్క కనిపించకుండా పోతే ఎలా తెలుస్తుంది? ఎక్కడో చచ్చిపడి ఉంటే, తాడు వల్ల చచ్చిందో, పిచ్చెక్కి చచ్చిందో ఎవరు చెబుతారు? సింహాద్రి మంచినీళ్ళు తాగుతుంటే గుటక దిగేదాకా అతని గొంతు వంకే చూసేది.

మర్నాడు మధ్యాహ్నం కుక్క మురిక్కాలవ అవతల కనబడింది. దాన్ని చూసి అంత సంతోషిస్తానని ఆమె అనుకోలేదు. ఒక చేప విసరబోతూ చెయ్యి ఎత్తింది. రాయి అనుకుని కుక్క పరుగు తీసింది. అప్పటినుంచి చేపను కాలవ గట్టు మీద పెట్టి, లోపలికి వెళ్ళి, కిటికీలోంచి చూసేది. కుక్క వచ్చేది, తినేది, వెళ్ళిపోయేది. అది తిన్న రోజు ఆమెకూ అన్నం సయించేది.

గడువు దాటింది. సింహాద్రికి ఏమీ కాలేదు.

"గండం గడిసిపోయింది. ఇంక దాని జోలికెల్లకు" అన్నాడతను.

"ఎలాగ ఊరుకుంటాను మావా? రోజూ నా సెయ్యే సూత్తంది. మెడ వాసిపోతంది."

పశువుల ఆసుపత్రిలో డాక్టరు శాంతికుమారి అంతా విని, అడ్డంగా తల ఊపింది. "దాన్ని పట్టుకోవద్దమ్మా. ఇంకోసారి మీద పడితే అది మళ్ళీ మనిషి దగ్గరికి రాదు. దానంతటదే రావాలి. పక్కకు తిరిగి కూర్చో, కళ్ళలోకి చూడకు. కాస్త దగ్గరికి వచ్చినప్పుడల్లా చేప ముక్క పెట్టు. భయపడితే నువ్వే వెనక్కి జరుగు. చేప మాత్రం నానబెట్టి, ఉప్పు పోయేలా కడుగు."

"అదొచ్చేదాకా బతుకుద్దా డాక్టరమ్మా?"

డాక్టరు చేపలో పెట్టి తినిపించమని మాత్రలిచ్చింది.

బంగారుతల్లి అరుగు దిగి, వీధి మెట్టు మీద పక్కకు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. దాన్ని ఎర్రమ్మా అని పిలిచేది. వెనక నుంచి కుక్క ఊపిరి వినబడితే వీపంతా చెమట పట్టేది. కుక్కా బెదురుతూనే వచ్చేది. మాత్రలకు చీమూ ఈగలూ తగ్గాయి గానీ తాడు ఇంకా లోపలికి దిగుతూనే ఉంది. త్వరపడితే పారిపోతుంది, ఆగితే చచ్చిపోతుంది. ఈ రెండిటి మధ్యా ఆమె నలిగిపోయింది.

ఎర్రమ్మ మెట్టు దాకా వచ్చిన రోజున ఎదురింటి తాతబ్బాయి ఇటుక ముక్క విసిరాడు. అది నడుముకు తగిలింది. కుక్క కుయ్యిమంటూ సందు దాటిపోయింది.

ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని బంగారుతల్లి వీధి మధ్యకు వచ్చి అరిచింది. "నీకేటి సేసింది అన్నయ్యా అది? నీ గుమ్మం తొక్కిందా?"

"రేపు నిన్నే కరుత్తాది. అప్పుడు తెలుత్తాది" అన్నాడు తాతబ్బాయి. కానీ మళ్ళీ రాయి ముట్టుకోలేదు.

ఎర్రమ్మ మళ్ళీ కాలవ అవతలికే పోయింది. ఆమె మళ్ళీ గట్టు మీద చేప పెట్టడం దగ్గర్నుంచీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఈసారి కుక్క తొందరగానే వచ్చింది. ఒక పొద్దున అరచేతిలోంచి చేప తీసుకుంది. తడి ముక్కు వేళ్ళకు తగిలితే ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. చెయ్యి మాత్రం వెనక్కి తీయలేదు. ఆ తర్వాత వీపు నిమరనిచ్చింది. సూదికి అలవాటయ్యేలా, డాక్టరు చెప్పినట్టు చీపురు పుల్లతో దాని తొడ మీద మెల్లగా గుచ్చి, వెంటనే చేప పెట్టేది. మొదట ఎర్రమ్మ ఉలిక్కిపడేది. పోనుపోను పుల్ల తగలగానే చేప కోసం ఆమె మొహంలోకి చూసేది.

శాంతికుమారి స్కూటర్ మీద రెండు మూడుసార్లు వచ్చి, బంగారుతల్లి వెనక కూర్చుని తనూ చేపలు పెట్టి వెళ్ళింది. తర్వాత మత్తు సూదితో వచ్చింది. సూది దిగినప్పుడు ఎర్రమ్మ కదలలేదు. అలవాటు ప్రకారం బంగారుతల్లి మొహంలోకి చూసింది. ఆమె చేతిలో చేప ఉంది గానీ, మత్తుకు ముందు ఏమీ పెట్టొద్దని డాక్టరు చెప్పింది. ఆ చూపుకు ఆమె తల తిప్పేసుకుంది.

కుక్క ఆమె ఒడిలోకి ఒరిగిపోయింది. డాక్టరు తాడు కత్తిరించి, పోగు పోగుగా బయటికి లాగింది. పుండు కడిగి కుట్లు వేస్తున్నంతసేపూ బంగారుతల్లి కుక్క డొక్క మీద చెయ్యి వేసి ఊపిరి ఆడుతోందా అని చూసుకుంటూ ఉంది.

మెలకువ రాగానే ఎర్రమ్మ తూలుతూ లేచి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. "మోసం సేసేననుకుంది మావా" అని బంగారుతల్లి ఏడ్చింది. సింహాద్రి ఆటోలో తిరిగి స్టేషను దాకా వెతికాడు, కనబడలేదు.

మూడో రోజు చేపలు బేరమాడుతున్న ఒక ఆవిడ "ఇదేటి, నీ కుక్కా?" అంది. బంగారుతల్లి తిరిగి చూసింది. ఎర్రమ్మ మెట్టు పక్కన నిలబడి ఉంది. ఆమె బేరం వదిలేసి, గబగబా ఒక చేప కడిగి అరచేతిలో పెట్టింది. కుక్క కాసేపు వాసన చూసింది, తర్వాత తీసుకుంది. కుట్లు విప్పే రోజున డాక్టరు మత్తు ఇవ్వాల్సిన పని లేకపోయింది.

ఎర్రమ్మ చాలా ఏళ్ళు ఆ సందులోనే బతికింది. సింహాద్రిని మాత్రం ఎప్పుడూ చెయ్యి వెయ్యనివ్వలేదు. సాయంత్రాలు బంగారుతల్లి బజారుకు వెళ్తే వెంట నడిచేది. దారిలో వేరే కుక్కలు మొరిగితే ఆమె భయంతో ఆగిపోయేది. ఆమె కదిలేదాకా ఎర్రమ్మ కూడా ఆగేది.